కొండ అవతల పెట్టిన కొబ్బరికాయలు

కిందటి బుధవారం సాయంత్రం మా మనవరాలు వరండాలో నా పక్కన చాప పరుచుకుని కూర్చుని, పెన్ను చెవి వెనకాల దోపుకుని, "తాతా, అంగ్రేజ్‌లు చేసిన మంచి పనులు ఓ పది చెప్పు, జల్దీ" అంది. మా ఇల్లు పోర్ట్ బ్లెయిర్ లంబాలైన్‌లో, విమానాశ్రయం గోడకి కూతవేటు దూరం. విమానం దిగేటప్పుడు మాట సగంలో ఆపి, అది పోయాక మళ్లీ అందుకోవడం మా ఇంట్లో అందరికీ వచ్చిన విద్య. సరిగ్గా అప్పుడే ఒక విమానం దిగింది కాబట్టి, దాని పుణ్యాన నాకు ఆలోచించుకోవడానికి అర నిమిషం దొరికింది. చప్పుడు తగ్గాక సంగతేమిటని అడిగాను. శనివారం ఊళ్లోని స్కూళ్లన్నిటికీ కలిపి వాదన పోటీ అట. సామ్రాజ్యాల వల్ల లోకానికి కీడు కన్నా మేలే ఎక్కువ అన్నది అంశం. ఎవరు ఏ పక్షమో చీటీలు తీస్తే, మా పిల్లకి మేలు పక్షం వచ్చింది. "కీడు సైడ్ అయితే ఆసాన్ తాతా, అందరికీ వచ్చు. నాకే ఫసా దియా" అని మూతి ముడుచుకుంది.

నేను జెట్టీ అన్నాను, ఆసుపత్రి అన్నాను, దీపస్తంభం, తపాలా, టెలిగ్రాఫ్ అన్నాను. ఆమె హిందీలో చకచకా రాసుకుంది. తెలుగు గలగలా మాట్లాడుతుంది గానీ అక్షరాలు చూపిస్తే జిలేబీలంటుంది. "ఇవన్నీ కట్టిన చేతులు ఖైదీలవమ్మా, ఇక్కడే తవ్వుతూ మోస్తూ చచ్చిపోయినవాళ్లవి" అని చెప్పబోతే, చెయ్యి అడ్డం పెట్టి, "వో దూస్రీ సైడ్‌వాళ్ల పాయింట్, నాకొద్దు" అంది. లాయరవుతుందని వాళ్లమ్మ ఊరికే అనదు.

అసలు ఈ ఊళ్లో పుట్టినవాణ్ణి సామ్రాజ్యాల గురించి అడగడమంటే చేపని నీళ్ల గురించి అడగడమే. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచి అబర్డీన్ బజార్లో కూరలు కొన్నాను, చెప్పులు కుట్టించుకున్నాను, నా పెళ్లిబట్టలూ అక్కడే కొన్నాను. అబర్డీన్ అనేది సముద్రాల అవతల తెల్లవాళ్ల దేశంలో ఒక ఊరని నలభై దాటాక గానీ నాకు తెలియలేదు. మా బజారు ఉన్న ఆ గట్టుని అంతకుముందు ఇక్కడ తిరిగిన అడవి మనుషులు ఏమని పిలుచుకునేవారో ఇప్పటికీ తెలియదు, చెప్పగలిగినవాళ్లెవరూ నాకు తగల్లేదు. ఈమధ్య మొత్తం ఊరి పేరే మార్చారు. కాగితాల మీద కొత్త పేరుంది, మా నోళ్లలో పాత పేరుంది, ఆ మొదటి పేరు మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు.

పది పాయింట్లూ అయ్యాక మనవరాలు అసలు సంగతి బయటపెట్టింది. మన ఇంటి కథ ఏదైనా చివర్లో చెబితే జడ్జీలకి నచ్చుతుందని వాళ్ల మేడం చెప్పిందట. "మీ మామయ్య జంగిల్లో రోడ్డు వేశాడు కదా తాతా. నువ్వు కూడా ఉన్నావు కదా. ఆ రోడ్డు లేకపోతే అమ్మ పుట్టేదే కాదని అమ్మమ్మ చెప్పేది. అదే లాస్ట్ పాయింట్. పక్కా" అంది. నేను తల ఊపాను. ఆ కథ మా ఇంట్లో అందరికీ సగమే తెలుసు. మిగతా సగం నలభై అయిదేళ్లుగా నా దగ్గరే ఉంది. శనివారం లోపల ఆ పిల్లకి చెప్పాలి, చెబితే ఆమె ఆఖరి పాయింటు పోతుంది, చెప్పకపోతే నా అబద్ధాన్ని ఆమె నోట పలికించినట్టవుతుంది. బుధవారం, గురువారం, శుక్రవారం, మూడు రోజులున్నాయి కదా అనుకున్నాను.

మా మేనమామ పద్దెనిమిదో ఏట శ్రీకాకుళం సముద్రపొడ్డు నుంచి ఓడెక్కి వచ్చినవాడు. మొదట రాళ్లు మోశాడు, తర్వాత రాళ్లు మోయించాడు, ఆ తర్వాత చిన్నచిన్న కల్వర్టులూ అడ్డుగోడలూ కట్టే కాంట్రాక్టరయ్యాడు. ఖాకీ నిక్కరు, మెడలో తుండు, అడవి జలగలు ఎక్కకుండా పొగాకు నీళ్లలో నానబెట్టిన మేజోళ్లు, ఇదీ ఆయన వేషం. ఆ మేజోళ్లు విప్పితే జలగలేం ఖర్మ, మనుషులే పారిపోయేవారు. కూలీలందరికీ వడ్డించాక గానీ తను ముద్ద ముట్టేవాడు కాదు. ఎవరికైనా జ్వరమొస్తే తన దుప్పటి కప్పేవాడు. మంచివాడు. ఈ కథలో చిక్కంతా అక్కడే ఉంది.

నాకప్పుడు ఇరవై మూడేళ్లు. చదువు అంతంత మాత్రం, ఉద్యోగమా, అదీ లేదు. ఉత్తరానికి వేసే పెద్ద రోడ్డులో ఒక ముక్క, చెట్లు కొట్టి దారి తెరిచే పని, మావయ్యకి దొరికితే నన్నూ వెంట పెట్టుకుపోయాడు. నేను మేస్త్రీకి ఎక్కువ, ఇంజనీరుకి తక్కువ. సర్వేవాళ్లు పాతిన గుంజల వెంట నడిచి, కొట్టాల్సిన చెట్లకి సున్నంతో గుర్తు పెట్టడం నా పని. మావాళ్లు ఇరవై మంది, రాంచీ వైపు నుంచి వచ్చినవాళ్లు ఇరవై మంది, కాపలాకి ఇద్దరు తుపాకీవాళ్లు. ఆ అడవి అక్కడి ఆదివాసులైన జార్వాలదని మాకందరికీ తెలుసు. వాళ్లు బాణాలు వేస్తారనీ తెలుసు. తెలిసీ ఆ మాట ఎత్తకుండా ఉండడం కూడా మా పనిలో భాగమే అయిపోయింది. ఒకసారి నేను ఎత్తితే మావయ్య, "తెల్లోడు దోసుకుపోనాడు. మనం కడతన్నాం. రెండూ ఒకటేటిరా?" అన్నాడు. కాదనే అనుకున్నాను నేను కూడా.

మావయ్యకి ఒక పట్టింపు ఉండేది. పెద్ద చెట్టు కొట్టేముందు దాని మొదలుకి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టాల్సిందే. చేతులు జోడించి, "తల్లీ, పిల్లలు గలవోళ్లం, మా తప్పు కాయమ్మా" అనేవాడు. ఒక చిప్ప చెట్టు మొదట్లో వదిలేసి, రెండో చిప్ప ముక్కలు చేసి అందరికీ పంచేవాడు. ఆ ముక్క నోట్లో పడితే గానీ మావాళ్లు గొడ్డలి ఎత్తేవారు కాదు. గర్జన్ చెట్లంటే మాటలు కాదు, నలుగురం చేతులు కలిపినా చుట్టుకి అందేవి కావు. అంతటి ప్రాణిని కూల్చబోతూ క్షమించమని అడగడం నాకు ఎంతో ముచ్చటగా ఉండేది. ఇప్పటికీ ముచ్చటే. కాకపోతే మేము అడిగింది చెట్టుని ఒక్కదాన్నే.

కొన్నాళ్లకి ఒక వింత మొదలైంది. చెట్టు మొదట్లో వదిలిన చిప్పలు తెల్లవారేసరికి మాయమయ్యేవి. ఆ అడవిలో కొబ్బరి మొలవదు, మాకే పోర్ట్ బ్లెయిర్ నుంచి లారీలో బస్తాలకెత్తి తేవాల్సి వచ్చేది. అమ్మవారే తింటోందని మావాళ్లు పొంగిపోయారు. అడవి పందులని రాంచీవాళ్లు అన్నారు. ఒకరోజు గుర్తులు పెట్టడానికి ముందుగా వెళ్లిన నాకు ఆ చిప్పలు వాగొడ్డున కనిపించాయి, లోపల పిసరు కొబ్బరి లేకుండా గీకి, ఒకదాన్లో ఒకటి బోర్లించి ఉన్నాయి. ఏ పందీ గిన్నెలు సర్దదు. పక్కనే తడి మట్టిలో చెప్పుల్లేని పాదాల అచ్చులున్నాయి, పెద్దవి రెండు జతలు, అరచెయ్యంత చిన్నవి ఒక జత. నేను ఎవరికీ చెప్పలేదు. భయంతో కాదు, ఆ రహస్యం నాకు నచ్చింది.

ఆ తర్వాత వారానికి, చిప్ప పెట్టిన చోట వెడల్పాటి ఆకులో చుట్టిన తేనెపట్టు ముక్క కనిపించింది. మావాళ్ల సంబరం చెప్పలేను. అమ్మవారి ప్రసాదమని కళ్లకద్దుకుని, మైనంతో సహా నమిలేశారు. నేనూ తిన్నాను. అంత ఘాటైన తేనె మళ్లీ ఎక్కడా తినలేదు. అది కొబ్బరికి బదులుగా మాకు పెట్టి వెళ్లారో, మళ్లీ వచ్చి తీసుకుందామని తమ కోసం దాచుకున్నారో నాకు ఇప్పటికీ తెలియదు. ఏది నిజమైనా మేము తినేశాం.

ఇంకో పది రోజులకి మా గుంజల వరస ఒక తేనెచెట్టు దగ్గరికి వచ్చింది. చూడగానే తెలిసిపోయింది. కాండం చుట్టూ ఎక్కడానికి కట్టిన తీగ ఉంది, అది ఎన్నో ఏళ్ల రాపిడికి నున్నబడింది. మొదట్లో పొగ వెయ్యడానికి తెచ్చిన ఆకుల గుట్ట ఉంది. పైన మూడు పట్లు. అది ఎవరి పెరట్లోని చెట్టో అన్నంత స్పష్టంగా ఉంది. నేను సున్నం డబ్బా కింద పెట్టి క్యాంపుకి వెనక్కి వచ్చాను. మావయ్య మలేరియాతో గుడారంలో వణుకుతున్నాడు. "మావయ్యా, ఆ చెట్టు మనుషులది. ఇంజనీరు గారిని అడిగి పదడుగులు పక్కకి జరిపిద్దాం" అన్నాను.

"ఏటిరా జరిపేది? గీత గీసీసినారు. అడిగితే రెండు వారాలు పనాగిపోద్ది, ఇంతట్లో వానలొచ్చెత్తాయి" అన్నాడు. కాసేపు కళ్లు మూసుకుని, మళ్లీ తెరిచి, "ఆళ్లకి కొబ్బరికాయలంటే ఇష్టం కదేటి. నాకు తెల్దనుకున్నావా? ఓ పాతిక కాయలు అట్టుకెళ్లి కొండకి అవతల పెట్టీ. ఆళ్లు అటు పోతారు. ఇటు మన పనైపోద్ది. ఎవులికీ దెబ్బ తగల్దు, బాణం రాదు, తూటా పోదు" అన్నాడు.

అంతకుముందు నెలలో ఒక పెద్ద బండరాయి అడ్డొస్తే ఇంజనీరుని అడిగి దారి జరిపించినవాళ్లం. అడిగితే రెండు రోజుల్లో జరిపారు. రాయి కోసం అడిగినవాళ్లం, మనుషుల కోసం అడగడానికి బద్ధకించాం. ఆ సంగతి మావయ్యకి గుర్తు చెయ్యాలని నా నాలిక చివరిదాకా వచ్చింది. ఎవరికీ దెబ్బ తగలదన్న మాట నాకు హాయిగా తోచి ఊరుకున్నాను. ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని కాయలు మోసుకుపోయి, కొండ అవతల చదునైన చోట గుట్టగా పోసి వచ్చాను. మర్నాడు పొద్దున్న వాగు దగ్గర అడుగుల్లేవు. ఉపాయం పారింది.

మావయ్య లేవలేడు కాబట్టి ఆ చెట్టుకి పసుపు నేనే రాశాను. కాయ నేనే కొట్టాను. "పిల్లలు గలవాళ్లం, మా తప్పు కాయమ్మా" అని ఆయన మాటే అప్పజెప్పాను. నాకు అప్పటికి పెళ్లే కాలేదు. మధ్యాహ్నానికి చెట్టు పడింది. తేనెటీగలు లేచి అడవంతా హోరెత్తితే మేమందరం తడిగుడ్డలు కప్పుకుని బోర్లా పడుకున్నాం. అవి సద్దుమణిగాక తలెత్తి చూస్తే వాగుకి అవతలి గట్టు మీద ముగ్గురున్నారు. ఒక మగమనిషి, ఒక ఆడమనిషి, ఆమె చంకలో పిల్ల. చెట్టు పడ్డ చప్పుడు కొండ అవతలిదాకా వినబడి ఉంటుంది, పరిగెత్తుకు వచ్చినట్టు రొప్పుతున్నారు. కాపలావాళ్లు లేచి నిలబడ్డారు. ఆ మనిషి మమ్మల్ని చూడలేదు, పడ్డ చెట్టునీ చూడలేదు. చెట్టు పోయిన చోట పైన తెరుచుకున్న ఖాళీ ఆకాశం వైపు చాలాసేపు చూశాడు. ఆమె చేతిలో నేను పెట్టిన కొబ్బరికాయ ఉంది. దాన్ని విసిరికొడుతుందేమో అనుకున్నాను. కొట్టలేదు. వంగి రాతి మీద పెట్టి, పిల్లని సర్దుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత మేము అక్కడ ఉన్నన్నాళ్లూ మళ్లీ ఒక్క చిప్ప కూడా కదల్లేదు. చీమలు పట్టి కుళ్లిపోయేవి.

ఇది నేను మావయ్యకి చెప్పలేదు, ఆయన అడగలేదు. ఆయన పోయి ముప్పై ఏళ్లయింది. పోయినప్పుడు ఊరంతా వచ్చింది, అడవి చీల్చి దారి వేసిన మనిషని పొగిడారు, నేను కూడా ఏడ్చాను. ఆయన్ని చెడ్డవాడని ఇవాళ కూడా అనలేను. సామ్రాజ్యాలంటే టోపీలు పెట్టుకుని గుర్రాల మీద వచ్చేవాళ్లవని చిన్నప్పుడు పాఠాల్లో చదివాను. మెడలో తుండు వేసుకుని, కూలీలకి ముందు అన్నం పెట్టి, చెట్టుకి దణ్ణం పెట్టుకునేవాళ్లతో కూడా అవి నడుస్తాయని ఏ పాఠంలోనూ లేదు.

ఇక నా కూతురి సంగతి. రోడ్డు పని అయ్యాక నాకు ఉత్తరం కొసన డిగ్లీపూర్‌లో కరెంటు ఆఫీసులో ఉద్యోగం దొరికింది, పెళ్లీ అయింది. మా ఆవిడకి ఎనిమిదో నెలలో ఒక ఉదయం రక్తస్రావం మొదలైంది. ఇక్కడ మా వల్ల కాదు, పోర్ట్ బ్లెయిర్ తీసుకుపొమ్మన్నాడు అక్కడి డాక్టరు. ఓడ రావడానికి ఇంకా మూడు రోజులుంది. కొత్తగా తెరిచిన ఆ రోడ్డు మీద, జీపులో పరుపు వేసి, రెండు చోట్ల సముద్రపు పాయలు బల్లకట్టు మీద దాటి, పొద్దుగూకే వేళకి ఆసుపత్రికి చేర్చాం. తల్లీ బిడ్డా దక్కారు. ఆ కథని మా ఆవిడ బతికున్నంత కాలం ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ కాఫీతో పాటు ఇచ్చేది. దార్లో ఒక మలుపు దగ్గర నేను కిటికీలోంచి వాగు వైపు చూసి, మళ్లీ చటుక్కున తల తిప్పేసుకున్నానని ఆమెకి తెలియదు.

అందుకే నేను తూచలేను. ఆ రోడ్డు వద్దనుకుంటే నా కూతుర్ని వద్దనుకున్నట్టే, ఏ తండ్రికీ ఆ మాట నోట రాదు. ఆ రోడ్డు మంచిదందామా అంటే, దాని మీద మా మందులే కాదు, మా జ్వరాలూ, మా గుట్కా పొట్లాలూ, ఫోన్లతో ఫోటోలు తీసే మా బుద్ధులూ కూడా అడవిలోకి వెళ్లాయి. ఇప్పుడు బస్సులన్నీ బారులుగా, కాపలాతో, ఎక్కడా ఆగకుండా పోవాలి. ఆగకూడదని బోర్డులున్నాయి. తీరా వేసేశాక జాగ్రత్త నేర్చుకున్నాం. ఇంతకీ లాభనష్టాలు లెక్క కట్టే కుర్చీలో ఎప్పుడూ లాభం అందినవాడే కూర్చుంటాడు. నష్టపోయినవాళ్లని పిలిచి మీరూ చెప్పండి అన్న పోటీ ఏ స్కూల్లోనూ పెట్టగా నేను చూడలేదు.

మూడు రోజులూ గడిచిపోయాయి. గురువారం పిల్ల అద్దం ముందు సాధన చేస్తుంటే బావుందన్నాను. శుక్రవారం చెబుదామని పిలిచాను, "బోలో తాతా" అని వచ్చి నిలబడింది, ఆ మొహంలో సంతోషం చూసి, నీళ్లు తెచ్చిపెట్టమన్నాను. శనివారం హాల్లో మూడో వరసలో కూర్చున్నాను. బాగా మాట్లాడింది. నా కూతురి కథ చెప్పి, "ఆ రోడ్డు లేకపోతే మా అమ్మ లేదు, నేను లేను. దాన్ని కీడని ఏ నోటితో అనను?" అనేసరికి చప్పట్లు మారుమోగాయి. అప్పుడు ప్రత్యర్థి పక్షం నుంచి కళ్లజోడు పెట్టుకున్న ఒక అమ్మాయి లేచి, ఆ అడవిలో ఉండేవాళ్లని ఎవరైనా అడిగారా, వాళ్లకేమైందో ఎవరైనా చూశారా అంది. మా పిల్ల తడుముకోలేదు. "చెట్టు కొట్టేముందు చెట్టుకే పూజ చేసి మాఫీ అడిగిన మనుషులు వాళ్లు. అలాంటివాళ్లు ఒక్క మనిషిని కూడా బాధపెట్టి ఉండరు. మా తాత ఆ పనిలో ఉన్నారు, ఇక్కడే కూర్చున్నారు. పూఛ్ లీజియే, అడిగి చూడండి" అని నా వైపు చెయ్యి చూపించింది. హాలంతా తిరిగి నన్ను చూసింది. పిల్ల కళ్లు మెరుస్తున్నాయి. నేను తల ఊపాను.

ఆ కళ్లజోడు అమ్మాయిని చూసి హాలంతా నవ్వేసింది, మొదటి బహుమతి మా పిల్లకే వచ్చింది. అబర్డీన్ బజార్లో బస్సు కోసం నిలబడ్డప్పుడు, ఆ కప్పు ఆమె చేతిలో ఉండగానే, అంతా చెప్పేశాను. ఎందుకు అప్పుడు చెప్పగలిగానో, అంతకు గంట ముందు ఎందుకు చెప్పలేకపోయానో నాకే అర్థం కాలేదు. విన్నంతసేపూ కళ్లు ఆర్పలేదు. చివరికి, "అంటే స్టేజి మీద నేను ఝూఠ్ చెప్పానా తాతా?" అంది.

"నువ్వు కాదమ్మా. నేను."

"నీకు తెలుసని కదా నీ తరఫ్ చూశాను. నువ్వు గర్దన్ ఊపావు. ఆ అమ్మాయి సహీ అడిగింది, అందరూ దానికి నవ్వేశారు" అంది.

తప్పైపోయిందన్నాను. బస్సులో నా పక్కసీటు ఖాళీగా ఉన్నా, ముందుకెళ్లి ఎవరో ముసలావిడ పక్కన కూర్చుంది. సోమవారం ఆ కళ్లజోడు అమ్మాయి స్కూలుకి వెళ్లి నిజం చెప్పి వస్తానంటోంది, కప్పు కూడా తీసుకెళ్తుందట. వాళ్లమ్మ వద్దంటోంది, నేను వెంట వస్తానన్నాను. "నువ్వు రావద్దు" అంది. నలభై అయిదేళ్లంటే ఏ తప్పయినా అందులో కరిగిపోయేంత పొడుగు కాలమని ఇన్నాళ్లూ అనుకున్నాను. కరగలేదు, ఆ కాలమంతా అది నాతో పాటే నడిచి, నా మనవరాలి నోటిదాకా వచ్చింది.